పెట్టె మీది, ఈగలకు మళ్ళీ మా దగ్గరికే రండి

నేను తేనెటీగల పెట్టెలు, గుంపులు అమ్ముతాను. ఆ మాట ముందే చెప్పేయడం మర్యాద.

వసంతంలో పెట్టెల్ని ఎలా చూసుకోవాలో చెప్పడానికి వ్యవసాయ విశ్వవిద్యాలయాల కరపత్రాలున్నాయి. పుణెలో 1962 నుంచీ కేంద్ర తేనెటీగల పరిశోధన, శిక్షణ సంస్థ ఉంది. ఇవి చాలవన్నట్టు ప్రతి మండలంలోనూ ఒక అనుభవజ్ఞుడు ఉంటాడు. అందరిదీ ఒకటే పాట. వాళ్ళు చెప్పినట్టు నడుచుకుంటే ఒకసారి కొన్న గుంపు ఏళ్ళ తరబడి పెట్టెలోనే ఉంటుంది. ఊరికే ఉండదు, ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అప్పుడు మేమేం తిని బతకాలి? మా వైపు మాట కూడా ఎవరో ఒకరు చెప్పాలిగా.

సంక్రాంతి వెళ్ళి మామిడి పూత మొదలైన దగ్గర్నుంచి ఉగాది పచ్చడిలోకి వేపపువ్వు దులుపుకునేదాకా మన దగ్గర తేనెటీగలకు పండగ రోజులు. ధనియాలు, మునగ, మామిడి, పొద్దుతిరుగుడు, నువ్వులు, ఆపైన వేప, కానుగ. ఒకదాని వెనక ఒకటి పూస్తూనే ఉంటాయి. రాణి జోరుగా గుడ్లు పెడుతుంది, గుంపు బలుస్తుంది, తేనె చేరుతుంది. ఇన్ని మంచి పనులు ఒకేసారి జరిగే ఈ కాలంలోనే వాటిని చెడగొట్టడం కూడా సులువు. డాబా మీద రెండు పెట్టెలో, తోటలో నాలుగు పెట్టెలో పెట్టుకుని ఆదివారాలు గడుపుదామనుకునే మీలాంటివారి కోసమే ఈ చిట్కాలు.

రోజూ మూత తీయండి

డబ్బు పోసి కొన్నది మూసి ఉంచడానికా? పొద్దున కాఫీ తాగాక ఓసారి, ఆఫీసు నుంచి రాగానే ఓసారి, చుట్టాలొస్తే మరోసారి తెరిచి చూడండి. లోపల పిల్లలున్న చోట వేడి 34, 35 డిగ్రీలు దాటకుండా, తగ్గకుండా ఈగలు రాత్రింబవళ్ళు కాపలా కాస్తుంటాయి. చలేస్తే పట్టు మీద ఒత్తుగా చేరతాయి, ఉక్కపోస్తే రెక్కలతో విసురుతాయి. మీరు మూత ఎత్తిన ప్రతిసారీ ఆ వేడి చెదిరిపోతుంది, మళ్ళీ కుదుటపడడానికి చాలాసేపు పడుతుంది. పడనివ్వండి. పని లేకపోతే ఈగలు సోమరులవుతాయి.

మన పెట్టెల్లో ఎక్కువగా ఉండేది పుట్ట తేనెటీగ. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో కాపురం పెట్టే దేశవాళీ జాతి. 1960లలో ఉత్తరాదికి తెచ్చి స్థిరపరిచిన ఐరోపా ఈగ అయితే ఎంత కెలికినా కొంత ఓర్చుకుంటుంది. మన ఈగకు అంత సహనం లేదు. వరసబెట్టి చికాకు పెడితే పట్టగలిగినంత తేనె కడుపులో పోసుకుని, మిగతా పట్టు అక్కడే వదిలేసి, గుంపంతా లేచి వెళ్ళిపోతుంది. ఈ ఒక్క సుగుణం మీదే మా కొట్టు నడుస్తోంది.

ఇంకో సరదా చెబుతాను. పెట్టె గోడ మీద వేలితో టకటక కొట్టండి. లోపల్నుంచి ఒక్కసారిగా బుస్సుమంటుంది. వందల ఈగలు ఒకేసారి ఒళ్ళు విదిల్చితే వచ్చే చప్పుడది. దగ్గరికి రావద్దని వాటి హెచ్చరిక. పిల్లలు ఎగిరి గంతేస్తారు. వేసవి సెలవులు రాగానే పక్కింటి పిల్లల్ని కూడా పిలిచి రోజూ కొట్టించండి.

చేయకూడని పని మాత్రం ఒకటుంది. పెట్టెకు పక్కగా, ఈగల దారికి అడ్డం రాకుండా కుర్చీ వేసుకుని, ఊరికే గుమ్మం వంక చూస్తూ కూర్చోవద్దు. అది చాలా ప్రమాదం. వెనక కాళ్ళకు పసుప్పచ్చని పుప్పొడి ముద్దలు పెట్టుకుని ఈగలు వరసగా దిగుతున్నాయంటే లోపల పిల్లలున్నాయి, రాణి బాగుంది అని తెలిసిపోతుంది. గుమ్మం పలక మీద కొన్ని ఈగలు తల బయటికి పెట్టి నిలబడి, కదలకుండా రెక్కలు మాత్రమే ఆడిస్తున్నాయంటే లోపల ఉక్కగా ఉందని తెలిసిపోతుంది. చచ్చిన పిల్లల్ని ఈడ్చుకొచ్చి బయట పడేస్తున్నాయంటే జబ్బేదో వచ్చిందని తెలిసిపోతుంది. మధ్యాహ్నం పూట ఓ పాతిక ముప్పై ఈగలు పెట్టె వైపే మొహం పెట్టి పైకీ కిందికీ ఊగుతూ ఎగిరితే అది దండయాత్ర కాదనీ, కొత్తగా బయటికొచ్చిన పిల్ల ఈగలు తమ ఇంటి ఆనవాలు పట్టుకుంటున్నాయనీ తెలిసిపోతుంది. మూత తీయకుండానే సగం కథ ఇలా తెలిసిపోతే ఇక మూత తీసే సరదా ఏముంటుంది చెప్పండి.

అరటిపండు, నల్ల చొక్కా

పెట్టె దగ్గరికి వెళ్ళేముందు రెండు అరటిపళ్ళు తినండి. చక్కెరకేళి అయితే మరీ మంచిది. ఈగ కుట్టినప్పుడు ముల్లుతోపాటు ఒక వాసన కూడా వదులుతుంది. ఇదిగో వీడే, రండి అని తోటి ఈగలకు పిలుపన్నమాట. అందులో ముఖ్యమైన పదార్థం పేరు ఐసోఎమైల్ అసిటేట్. పండిన అరటిపండు వాసనకు మూలం కూడా అదే. ఒక్క ఈగైనా కుట్టకముందే ఆ పిలుపు మీరే ఇస్తే వాటికి శ్రమ తప్పుతుంది.

బట్టల విషయానికొస్తే నల్ల చొక్కా, వీలైతే ఉన్నిది. పట్టును దోచుకునే ఎలుగుబంటి తేనెటీగల జాతికి తరతరాల శత్రువు. నల్లగా, బొచ్చుగా ఉన్నదాని మీద ముందు దూకుతాయి. తలకు ఘాటైన నూనె, చంకలకు సెంటు మరవద్దు. మా దగ్గర కొన్న ముసుగు ఉంది కదా, దాన్ని మేకుకు తగిలించండి. అది వేసుకుంటే ఫోటోలో మొహం కనబడదు.

పొగ సంగతి. పుస్తకాల వాళ్ళు పొగడబ్బాలో ఎండుటాకులో, గోనె ముక్కో, కొబ్బరిపీచో వేయమంటారు. చేతికి వేడి తగలని తెల్లటి పొగ గుమ్మం దగ్గర రెండు మూడుసార్లు వదిలి, ఒక నిమిషం ఆగి, అప్పుడు మూత ఎత్తమంటారు. ఆ పొగ ఇందాకటి అరటిపండు వాసనను కప్పేస్తుందట. నిప్పు అంటుకుందేమోనని ఈగలు తేనె తాగే పనిలో పడతాయట. కడుపు నిండిన ఈగ జగడానికి రాదట. ఇంత నాజూకు వ్యవహారం మనకెందుకు? డబ్బాలో పాత టైరు ముక్క, కిరసనాయిలు గుడ్డ వేసి నిప్పురవ్వలు ఎగిరేదాకా ఊదండి. తేనెకు ఆ కంపు పట్టి నెలల తరబడి పోదు. అడిగినవాళ్ళకు అసలైన అడవి తేనె అని చెప్పొచ్చు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి నిజం చెబుతాను. పోయిన మనిషి మళ్ళీ పెట్టె కొనడు కాబట్టి ఈ విషయంలో నాకూ మీకూ పేచీ లేదు. కుట్టిన చోట ముల్లు దిగబడిపోతుంది. విషపు సంచి దానికే అంటుకుని ఇంకొంతసేపు విషం ఎక్కిస్తూనే ఉంటుంది. గోటితో గీకండి, ఎలాగైనా సరే, క్షణాల మీద తీసేయాలి. సున్నం ఎక్కడుందని వెతుక్కుంటూ కూర్చోవద్దు. కొందరికి ఒక్క ఈగ చాలు. పెదాలూ నాలుకా వాస్తాయి, ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి, ఊపిరి అందదు, కళ్ళు తిరుగుతాయి. అలాంటప్పుడు చిట్కాలు పనికిరావు. 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి పరుగెత్తడమే. అపార్టుమెంటు నీళ్ళ ట్యాంకు కింద వేలాడే పెద్ద పట్టును కోసుకొచ్చి పెట్టెలో పెడితే పోలా అని అడిగేవాళ్ళకూ ఇదే జవాబు. అది కొండ తేనెటీగ. ఆరుబయట గాలిలో ఒకే ఒక పెద్ద పట్టు కట్టుకునే జాతి. పెట్టెలో ఉండదు సరికదా, రెచ్చగొడితే వందలుగా వెంటపడుతుంది. అలాగే ఏడాది నిండని పసిబిడ్డ నాలుకకు తేనె రాయకండి. స్వచ్ఛమైన తేనెలో కూడా ఉండగల ఒక సూక్ష్మజీవి పసిపేగుల్లో పెరిగి, బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెస్తుంది.

సరే, మళ్ళీ మన దారిలోకి వద్దాం.

గుంపు చీలితే చీలనివ్వండి

మాఘ, ఫాల్గుణాల్లో మా వ్యాపారానికి ప్రాణం పోసేది ఇదే. గుంపు బలిసి పెట్టె ఇరుకైతే ఈగలు రెండు కాపురాలు పెట్టుకుంటాయి. ముసలి రాణి సుమారు సగం ఈగల్ని వెంటేసుకుని బయటికి పోతుంది, పాత ఇల్లు కూతురికి వదిలేస్తుంది. ఈ పని అవి చెప్పాపెట్టకుండా చేయవు. అదే మాకు బెంగ.

ముందుగా పోతుటీగలు పెరుగుతాయి. పట్టు కట్టిన చట్రం, అంటే ఫ్రేము, ఎత్తి వెలుతురుకి పెట్టి చూస్తే, పట్టు కింది అంచుల్లో కూలి ఈగల గదులకన్నా కాస్త పెద్ద గదులు కనిపిస్తాయి. వాటి మూతలు ఉబ్బెత్తుగా ఉంటాయి. మూత నడినెత్తిన సూదిమొన గుచ్చినంత చిల్లు ఒకటి ఉంటుంది. పుట్ట తేనెటీగ పోతుల గదికే ఉన్న ఆనవాలది. ఆ మూతల మీద మైనం పొర రాలిపోయి చిల్లులు బయటికి తేలుతున్నాయంటే రోజులు దగ్గర పడ్డాయన్నమాట. తర్వాత పట్టు అడుగు అంచున వేరుశనగకాయ తలకిందులుగా వేలాడుతున్నట్టు రాణి గదులు దిగుతాయి. ఆ గదిలో గుడ్డు పడిన సుమారు ఎనిమిదో రోజుకు దానికి మూత పడుతుంది. మూత పడిందంటే, ఎండ బాగా కాస్తే, ముసలి రాణి ప్రయాణం కట్టేస్తుంది. పదహారో రోజు ప్రాంతంలో కొత్త రాణి మూత కొరుక్కుని బయటికొస్తుంది.

ఈ లెక్క పట్టుకునే పుస్తకాల వాళ్ళు ఈ రెండు నెలల్లో వారానికి ఒక్కసారి, ఎక్కువసేపు కాకుండా, పట్టుల అడుగు చూడమంటారు. రోజూ మూత తీయమన్న నా సలహాతో ఇక్కడ చిన్న చిక్కొచ్చింది. రోజూ తెరిచేవాడి కంట రాణి గది పడే ప్రమాదముంది. అందుకని మూత తీయండి, పైనుంచి తొంగి చూడండి, సెల్ఫీ దిగండి, మూసేయండి. ఫ్రేము మాత్రం ఎత్తొద్దు.

ఖర్మ కాలి కనబడ్డాయే అనుకోండి, కనబడిన ప్రతి రాణి గదినీ వేలితో నలిపేయండి. ఇరుకు అలాగే ఉంది కాబట్టి అవి మళ్ళీ కడతాయి, మీరు మళ్ళీ నలపొచ్చు. అప్పటికే ముసలి రాణి వెళ్ళిపోయి ఉంటే ఇంకా మంచిది, మీరు నలిపింది ఆ ఇంటికి మిగిలిన ఒక్క ఆశని. రాణి లేని పెట్టెలో కొన్నాళ్ళకు కూలి ఈగలే గుడ్లు పెట్టడం మొదలెడతాయి. జతకట్టని ఈగల గుడ్లవి, వాటిలోంచి పోతులు తప్ప పుట్టవు. పోతులు పువ్వుల మీదకు పోయి తేనె తేవు, పిల్లల్ని సాకవు. ఒకట్రెండు నెలల్లో మీ ఫోను నాకు వస్తుంది.

మీ మేలు కోరేవాళ్ళు మరోలా చెబుతారు. గుంపు బలిసిందని తెలియగానే మీరే రెండుగా విడదీయమంటారు. ముసలి రాణినీ కొన్ని పట్టుల్నీ కొత్త పెట్టెలోకి మార్చి, మంచి రాణి గదులున్న పట్టుల్ని పాత పెట్టెలో ఉంచమంటారు. అంటే రెండో గుంపు మీకు చిల్లిగవ్వ ఖర్చు లేకుండా వచ్చిందన్నమాట. ఇలాంటి మాటలు వినే ముందు నా పిల్లల ఫీజుల గురించి ఒక్కసారి ఆలోచించండి.

సరే, గుంపు బయటికొచ్చేసింది. పక్కింటి వేపకొమ్మకో, గేటు కమానుకో గుత్తిగా వేలాడుతోంది. వీధి వీధంతా తలుపులు వేసుకుంటుంది గానీ, నిజానికి ఆ సమయంలో వాటంత సాధువులు ఉండరు. కాపాడుకోవడానికి ఇల్లు లేదు, కడుపు నిండా తేనె ఉంది. కొన్ని ఈగలు చుట్టుపక్కల తొర్రలూ సందులూ చూసొచ్చి, గుంపు ఒంటి మీదే నాట్యం చేసి ఏ ఇల్లు ఎటు ఎంత దూరంలో ఉందో చెబుతాయి. నచ్చిన ఇంటికి నాట్యం చేసేవాళ్ళు పెరుగుతారు, నచ్చనిది వీగిపోతుంది. తేనెటీగల నాట్యంలో అర్థం విప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1973లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. గుంపులు ఇల్లు వెతుక్కునే పద్ధతిని ఆయన శిష్యుడు మార్టిన్ లిండావర్ గమనించి చెప్పాడు. మన అసోసియేషన్ మీటింగులన్నీ ఆ పద్ధతిలో జరిగితే ఎప్పుడో లిఫ్టు బాగుపడేది.

ఈ మంతనాలు తెగడానికి గంట పట్టొచ్చు, రోజు పట్టొచ్చు. ఈలోగా ఖాళీ పెట్టె కొమ్మ కింద పట్టుకుని ఒక్క ఊపు ఊపితే, రాణి లోపల పడితే, మిగతావి తమంతట తామే బారులు తీరి నడిచి లోపలికి పోతాయి. చూడ్డానికి చప్పగా ఉంటుంది. దానికి బదులు పళ్ళాలు వాయించండి, రాళ్ళు రువ్వండి, కాగడా పెట్టండి. వీడియోకు ఎక్కువ లైకులు దానికే వస్తాయి.

ఎండా, నీళ్ళూ, పక్కింటివాళ్ళూ

పెట్టెను డాబా మీద పడమటి ఎండ సూటిగా తగిలే చోట సిమెంటు నేల మీదే పెట్టండి. మైనం కరగడానికి 62 డిగ్రీలు దాటాలి కాబట్టి భయం లేదు అని వాదించండి. ఏప్రిల్ ఎండకు పెట్టె లోపల కొత్త పట్టు మెత్తబడి, తేనె బరువుకు ఫ్రేము నుంచి ఊడి కింద పడేదాకా ఆ వాదన బాగానే నిలబడుతుంది. కొబ్బరాకులు కప్పడం, తడి గోనె వేయడం, చెట్టు నీడకు చేర్చడం మామూలు మనుషులు చేసే పనులు.

పట్టు ఊడి పడ్డాక కంగారుపడి మిట్టమధ్యాహ్నం పెట్టెను ఎత్తి డాబా అవతలి మూలకు మార్చేయండి. పువ్వుల మీదకు పోయిన ఈగలు తిరిగొచ్చి పాత చోటే గాలిలో గిరికీలు కొడుతూ సాయంత్రానికి నేల మీద రాలతాయి. మారిస్తే రాత్రిపూట మూడడుగుల లోపు మార్చాలి, లేదంటే వాటికి దారి తెలియనంత దూరం, నాలుగైదు కిలోమీటర్లు తీసుకెళ్ళాలి అని పాతకాపులు అంటారు. మధ్యస్థంగా ముప్పై అడుగులు మార్చడం మీరు మాత్రమే చేయగలరు.

నీళ్ళు మాత్రం అసలు పెట్టొద్దు. ఎండాకాలంలో ఈగలు నీళ్ళు మోసుకొచ్చి పట్టు మీద చుక్కలుగా పరిచి, రెక్కలతో విసిరి ఇల్లు చల్లబరచుకుంటాయి. మీరు గులకరాళ్ళు వేసిన మట్టి మూకుడులో నీళ్ళు పెడితే మునిగిపోకుండా అక్కడే తాగి పోతాయి. మీరు పెట్టకపోతే పై ఫ్లాటు వాళ్ళ కూలరు, వాళ్ళ కుక్క గిన్నె, సందు చివర చెరుకురసం బండి ఉన్నాయి. ఒకసారి అలవాటైన నీటి చోటును అవి తొందరగా వదలవు. కాబట్టి మీకు పాపభీతి ఉంటే ఆ మూకుడు ఏదో జనవరిలో కాకుండా, కూలరు బాగా అలవాటయ్యాక ఏప్రిల్లో పెట్టండి.

ఇంకో సంగతి. తేనెటీగ ఇల్లు పాడుచేసుకోదు, బయటికి ఎగిరాకే దొడ్డికి పోతుంది. పక్కింటి పిన్నిగారు ఆరేసిన తెల్లచీర మీద పసుప్పచ్చ చుక్కలు పడేది అందుకే. ఆవిడ వడియాలు పెట్టే రోజు కనుక్కుని, సరిగ్గా ఆ పొద్దున్నే పెట్టె తెరవండి. తేనె సీసా ఒకటి ముందుగానే ఇచ్చి మంచి చేసుకునే నీచపు అలవాట్లు మీకు వద్దు.

పక్క తోట మందు

ఇదొక్కటి చెప్పేటప్పుడు నాకూ గొంతు కాస్త తగ్గుతుంది. మామిడికి పట్టే తేనెమంచు పురుగు పేరులో తేనె ఉంది గానీ, దాని మీద కొట్టే మందు తేనెటీగలకు మిత్తి. మొగ్గ దశలో కొడితే ఒక లెక్క. పూత విచ్చాక, ఎండెక్కిన వేళ, ఈగలు పువ్వుల మీద ఉండగా కొడితే సాయంత్రానికి పెట్టె ముందు కుప్ప పోసి ఉంటాయి. చచ్చినవాటి నాలుక బయటికి చాచుకుని ఉంటుంది. చావనివి వెల్లకిలా పడి గిరగిరా తిరుగుతుంటాయి. మామిడి తోటల్లో మామూలుగా వాడే ఇమిడాక్లోప్రిడ్‌ను, దాని తోడబుట్టిన మరో రెండు మందుల్నీ యూరోపియన్ యూనియన్ ఆరుబయట పంటల మీద కొట్టకూడదని 2018లో నిషేధించింది.

ఇంత చెప్పాక నా సలహా ఏమిటంటే, పక్క తోట రైతుతో పరిచయం పెంచుకోకండి. పెంచుకుంటే ఫలానా రోజు కొడుతున్నా తమ్ముడూ అని ముందు రోజే చెబుతాడు. పొద్దు గుంకాక, ఈగలు ఇంటికి చేరాక కొడతాలే అంటాడు. మీరు ముందటి రాత్రే గుమ్మానికి జాలీ బిగించి, గాలి ఆడేలా చూసి, నీడలో ఆ ఒక్క రోజు ఆపేస్తారు. మీ ఈగల వల్ల తన పొద్దుతిరుగుడు చేలో గింజ బాగా కట్టిందని తెలిస్తే వచ్చే ఏడాది పెట్టెలు మా గట్టున పెట్టుకో అని ఆయనే అడుగుతాడు. ఇలాంటి స్నేహాలు కుదిరిన ఊళ్ళలో నాకు బేరాలు లేవు.

తేనె తీయడం

ఎప్పుడు తీయాలి? ఆశ పుట్టినప్పుడు. ఫ్రేములో ముప్పాతిక గదులకు మైనం మూత పడ్డాకే తీయాలన్నది చాదస్తుల మాట. అప్పటికి నీటి పాలు 20 శాతం లోపుకు దిగి తేనె పండుతుందట. మూత పడనిది ఇంకా మకరందమేనట. ఉగాదికి అల్లుడొస్తుంటే ఇవన్నీ చూస్తామా? తీసేయండి. కొన్నాళ్ళకు నురగ లేచి, పుల్లబడి, సీసా మూత టప్పుమని ఎగిరితే అది తేనెలోని శక్తి అని చెప్పండి.

ఎంత తీయాలి? అంతా. పుట్ట తేనెటీగ పెట్టెకు ఏడాదికి నాలుగైదు కిలోలు వస్తే సంతోషించాలి. వానాకాలం పువ్వులు తక్కువ, వాటి తిండికి కొంత వదలాలి. ఆ వదిలేది కూడా మీ వాటాలో కలిపేసుకుంటే ఇంకో కిలో వస్తుంది. ఎలా తీయాలి? చేత్తో పిండండి, పిల్లలున్న పట్టుతో సహా. ఫ్రేములు గిరగిరా తిప్పే యంత్రంలో పెడితే తేనె చిమ్మి గోడకు కొట్టుకుని కిందికి కారుతుంది, పట్టు చెక్కుచెదరకుండా మళ్ళీ పెట్టెలోకి పోతుంది, కొత్త మైనం కట్టే శ్రమ ఈగలకు తప్పుతుంది. శ్రమ తప్పించడం మన ఉద్దేశం కాదని మొదటే అనుకున్నాం.

చక్కెర పాకం గురించి. పువ్వులు లేని రోజుల్లో చక్కెర, నీళ్ళు సమానంగా కలిపి సాయంత్రం పూట పెట్టె లోపల పెట్టమంటారు. పూత అందుకోగానే ఆపమంటారు, తేనె కోసం పైన సూపరు అనే అదనపు అర వేశాక అసలు వద్దంటారు. మీరు సూపరు వేశాకే మొదలుపెట్టండి. అదీ ఆరుబయట వెడల్పాటి పళ్ళెంలో పోస్తే, ఇరుగుపొరుగు గుంపులు, చీమలు, కందిరీగలు అన్నీ వచ్చి, పళ్ళెం ఖాళీ కాగానే మీ బలహీనమైన పెట్టెను దోచుకుపోతాయి. దోపిడీ తప్పించుకున్న ఈగలు ఆ పాకాన్ని సూపరులో నింపి చక్కగా మైనం మూత వేస్తాయి. సీసాకు మా తోట తేనె అని లేబులు అంటించుకోండి. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సీఎస్ఈ అనే సంస్థ బజారు తేనె బ్రాండ్లు 13 తెప్పించి పరీక్ష చేయిస్తే, జర్మనీ ప్రయోగశాలలో జరిపిన, కల్తీని పట్టే ఎన్ఎంఆర్ పరీక్షలో మూడే నెగ్గాయి. మీ అల్లుడు సీసాను జర్మనీ పంపడు, ధైర్యంగా ఉండండి.

పైపెచ్చు మన ఇంటి పరీక్షలున్నాయి. నీళ్ళ గ్లాసులో చుక్క వేస్తే తిన్నగా అడుక్కు దిగాలి, తేనెలో ముంచిన అగ్గిపుల్ల వెలగాలి, కుక్క ముట్టకూడదు. చిక్కటి చక్కెర పాకం వీటిలో చాలావరకు దర్జాగా పాసవుతుంది. పాపం నిఖార్సైన పొద్దుతిరుగుడు తేనె కొద్ది వారాల్లోనే తెల్లగా పేరుకుని, చక్కెర కలిపారని మాట పడుతుంది.

మిగతావి

స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు తీసేయండి, చీమలకు దారి ఉండాలి. అడుగు పలక తుడవొద్దు. నల్లబడ్డ పాత పట్లు ఖాళీగా ఉన్నా పెట్టెలోనే ఉంచండి, మైనపు పురుగు వచ్చి గూళ్ళు అల్లుతుంది. జబ్బు పెట్టెలోని పట్టు తీసి బాగున్న పెట్టెలో పెట్టండి, కడగని చేతులతో. 1990ల మొదట్లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బు దక్షిణాదిలో మన దేశవాళీ గుంపుల్ని ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేసింది. అప్పుడు జాగ్రత్తపడ్డవాళ్ళు ఇప్పటికీ జాగ్రత్తగానే ఉన్నారు, వాళ్ళ వల్ల నాకు పైసా లాభం లేదు.

రాణి వీపు మీద చుక్క పెట్టి గుర్తించే ఆచారం ఒకటుంది. ఏడాది చివరి అంకె 1, 6 అయితే తెలుపు, 2, 7కి పసుపు, 3, 8కి ఎరుపు, 4, 9కి పచ్చ, 5, 0కి నీలం. రంగు చూస్తే రాణి వయసు తెలుస్తుంది, ముసలిదైతే మార్చుకోవచ్చు. మీరు ఏటా పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టండి. శుభం కదా.

మే 20 ప్రపంచ తేనెటీగల దినోత్సవం. ఆ రోజు పెట్టె పక్కన నిలబడి ఫోటో పెట్టడం మరవద్దు. పెట్టె ఖాళీ అయినా ఫోటోలో తెలియదు.

ఖాళీ పెట్టెలు వెనక్కి తీసుకోం. గుంపులు జనవరిలోనే ఇస్తాం. సగం అడ్వాన్సు, మిగతా సగం ఈగలు అందిన రోజు. పోయినేడు కొన్నవాళ్ళంతా మళ్ళీ అడుగుతున్నారు, కావాల్సినవాళ్ళు దసరా లోపు చెప్పండి.